మెయిన్ ఆపేశాక

నేను ఒక టెస్టర్‌ని. పేరు విని పరీక్షలు పెట్టే పెద్దమనిషిని అనుకునేరు; జానెడు పొడవైనా లేని పనిముట్టుని. ఒక కొసన పలచటి ఇనుప మూతి, రెండో కొసన ఇత్తడి టోపీ, మధ్యన లోపలిదంతా బయటికి కనిపించే పసుప్పచ్చ ఒళ్ళు. ఆ ఒంట్లో కందిపప్పు బద్దంత దీపం. నా మూతిని తీగకి ఆనించి, టోపీ మీద వేలు పెడితే, తీగలో కరెంటుంటే దీపం ఎర్రగా వెలుగుతుంది. లేకపోతే లేదు. నాకున్న విద్య అదొక్కటే. వేలు పెట్టకపోతే మాత్రం ఎంత కరెంటు ముందు నిలబెట్టినా నేను మూగదాన్నే.

ఈ షరతు వల్లే నా బతుకు ఇలా ఉంది. మనుషులు నన్ను కొంటారు, ఇంట్లో పెట్టుకుంటారు, నాతో అన్ని పనులూ చేయించుకుంటారు, ఆ ఒక్క పనీ తప్ప. మూతి చదునుగా ఉంది కదా అని డబ్బా మూతలు లేపిస్తారు. కొబ్బరికాయ కన్ను పొడిపిస్తారు. స్టవ్వు బర్నరు కన్నాల్లో పేరుకున్న మసి తీయిస్తారు. ఒకాయన నాతో చెవి కూడా గోక్కున్నాడు. ఆయన పేరు చెప్పను, పెద్దవాళ్ళింట్లో మనిషి.

నేను పుట్టింది ఎక్కడో ఉత్తరాదిన, ఒక రేకుల షెడ్డులో. ఒళ్ళు ఒకరు పోశారు, దీపం ఒకరు పెట్టారు, స్ప్రింగు ఇంకొకరు దూర్చారు. చివర్లో టోపీ బిగించిన అమ్మాయి నన్నొకసారి కరెంటుకి ఆనించి, వెలిగానని చూసి, తృప్తిగా తలాడించి అట్టకి గుచ్చింది. ఆ తలాడింపు చూసి, ఇక లోకమంతా నా మాట వింటుందనుకున్నాను. చిన్నతనం.

అట్ట మీద వేలాడుతూ లారీలెక్కి దిగి, గోదావరి జిల్లా మండపేటలో ఒక ఎలక్ట్రికల్ షాపు గోడకి చేరాను. అక్కడ నన్ను కొన్నవాడు అబ్బులు. ఊళ్ళో సగం ఇళ్ళకి కరెంటు పనులు అతనివే. అబ్బులు నన్ను చొక్కా జేబులో, డాక్టరు మెడలో గొట్టంలా, నలుగురికీ కనబడేలా పెట్టుకునేవాడు. పని దగ్గర మాత్రం వేలి వెనకవైపుతో తీగని ఇలా తాకించి, చెయ్యి విదిలించుకుని, "ఆయ్, ఉందండి" అనేవాడు. నేను జేబులోంచి చూస్తూ ఉండేదాన్ని. నా దీపం పని అతని వేలే చేస్తుంటే నేనెందుకో నాకు అర్థమయ్యేది కాదు.

ఆ అబ్బులే నన్ను కామేశ్వరరావుగారింటికి తీసుకెళ్ళాడు. కామేశ్వరరావుగారు రైస్ మిల్లులో అకౌంటెంటు. భార్య వకుళమ్మ, డిగ్రీ చదివింది, ఇల్లు చూసుకుంటుంది, తక్కువ మాట్లాడుతుంది. ఆ తక్కువ మాటలకే ఆయన రోజంతా జవాబులు వెతుక్కుంటూ ఉంటారు. వాళ్ళ హాల్లో ఫ్యాను కాలిపోయింది. అబ్బులు నిచ్చెనెక్కి దాన్ని దింపి, పైన వేలాడే రెండు తీగల కొసలకీ టేపు చుట్టి, "వైండింగు చేయించి రేపొచ్చి బిగించేత్తానండమ్మా, మీరేం కంగారు పడకండి" అని ఫ్యాను చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. నన్ను అల్మైరా మీద మర్చిపోయాడు.

అబ్బులు చెప్పిన రేపు ఇంకా రాలేదు.

వకుళమ్మ దుమ్ము దులుపుతూ నన్ను చూసి, తిప్పి చూసి, వంటింటి సొరుగులో వేసింది. నేను పప్పు గుత్తికీ, బత్తాయి రసం తీసే గిన్నెకీ పొరుగుదాన్నయ్యాను. ఫ్యాను లేని హాల్లో మొగుడూ పెళ్ళాలిద్దరూ పేపరుతో విసురుకుంటూ అబ్బులు కోసం ఫోన్లు చేశారు. అబ్బులు ఎత్తలేదు. ఎత్తినప్పుడు, "ఆయ్, దారిలోనే ఉన్నానండి" అన్నాడు. ఎవరి దారిలోనో చెప్పలేదు.

ఇక్కడ మీకు జోగారావు గురించి చెప్పాలి. వకుళమ్మ చెల్లెలు ఉష భర్త, అంటే కామేశ్వరరావుగారికి తోడల్లుడు. కాకినాడలో ఇళ్ళు కట్టించే కాంట్రాక్టరు. లోకంలో పాము, ముంగిస తర్వాత ఒకరినొకరు అంత శ్రద్ధగా గమనించుకునేది తోడల్లుళ్ళేనని నాకు ఆ ఇంట్లోనే తెలిసింది. ఒకసారి జోగారావు భోజనానికొచ్చిన రోజున ఈ ఇంట్లో బల్బు మార్చడానికి అబ్బులు నిచ్చెన ఎక్కి ఉన్నాడట. ఇక చూసుకోండి. "అన్నయ్యగారూ, బల్బు తిప్పడానికి మనిషిని పెట్టుకున్నారంటే మీది జమీందారీ వంశమేనండి! మరి మంచినీళ్ళు తాగించడానికెవరొస్తారు?" అని విస్తరి ముందు కూర్చుని నవ్వాడట. అందరూ నవ్వారట. వకుళమ్మ కూడా నవ్విందట. కామేశ్వరరావుగారు మర్చిపోనిది ఆ చివరిదే.

ఆ రోజు నుంచి ఆయన వీడియోలు చూడడం మొదలుపెట్టారు. ఇంట్లో పనులు మీరే చేసుకోండి అని చెప్పే వీడియోలు. కుళాయి వాషరు మార్చడం, తలుపు గడియ బిగించడం, జుట్టు తనే కత్తిరించుకోవడం. అన్నీ నేర్చుకున్నారు. కుళాయి రోజున వంటింట్లో నీళ్ళు పాదం మునిగేదాకా వచ్చాయి; సొరుగులోంచి నాకు సముద్రం చూసినట్టుంది. జుట్టు కత్తిరించుకున్నాక మిల్లుకి మఫ్లరు చుట్టుకుని వెళ్ళారు, ఎండాకాలంలో.

ఆయన చూసే పద్ధతి ఒకటుంది. వీడియో మొదలు కాగానే వేలితో తెర మీద ముందుకు జరుపుతారు. నమస్కారం చెబితే జరుపుతారు. కావలసిన సామాన్లు చెబితే జరుపుతారు. జాగ్రత్తలు మొదలుపెట్టారా, రెండు మూడుసార్లు గబగబా జరుపుతారు. "సోది మానేసి అసలు విషయానికి రావయ్యా" అని ఫోనులో మనిషిని కసురుతారు. అసలు విషయం ఆ జరిపేసిన దాంట్లోనే ఉంటుందేమోనని ఆయనకి అనుమానం రాదు. వకుళమ్మ సంగతి వేరు. ఆయన స్నానానికి వెళ్తూ ఫోను బల్ల మీద వదిలేస్తే, ఆ వీడియో దానంతటది మొదటి నుంచి చివరి దాకా మోగుతూనే ఉండేది. ఆవిడ చేతులు శనగపిండిలోనో చింతపండు పులుసులోనో ఉండేవి. జరపడానికి వీలుండదు. అంతా వినాల్సిందే.

ఒక ఆదివారం ఉష, జోగారావు భోజనానికి వస్తున్నామని కబురు పెట్టారు. శనివారమే కామేశ్వరరావుగారు కొత్త ఫ్యాను తెచ్చారు. అబ్బులుకి ఫోను చెయ్యలేదు.

"నేనే బిగిస్తాను" అన్నారు.

వకుళమ్మ గరిటె ఆపి చూసింది. "కుళాయి అంటే నీళ్ళండీ. తుడుచుకున్నాం. ఇది కరెంటు."

"మెయిన్ ఆపేస్తే కరెంటెక్కడిదే? తీగలు వట్టి తాళ్ళతో సమానం. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో తెలుసా నీకు?"

"చూశారు, విన్నానుగా."

"నేను బిగించడమే కాదు, దాన్ని వీడియో తీస్తున్నావు నువ్వు. వాడొచ్చి కూర్చోగానే టీవీలో వేస్తాను. ఆ తర్వాత లోకానికి పెడతాను. ఫ్యాను కింద కూర్చుని, ఫ్యాను బిగించిన వీడియో చూస్తాడు జోగారావు. ఊహించుకో."

ఆవిడ ఊహించుకున్నట్టు లేదు. గరిటె మళ్ళీ తిప్పింది.

ఆదివారం పొద్దున హాలు మధ్యలో అల్యూమినియం నిచ్చెన వేశారు. కింద చాప మీద కొత్త ఫ్యాను రెక్కలు లేకుండా పడుకుని ఉంది. కిటికీ కర్టెన్లు మూయించారు; వెనక వెలుగుంటే మొహం నల్లగా పడుతుందట, అదీ ఒక వీడియోలో నేర్చుకున్నదే. చప్పుడు పడకూడదని ఇంట్లో ఫ్యాన్లన్నీ, టీవీ, లైట్లు, అన్నీ కట్టేయించారు. అప్పుడు వసారాలోకెళ్ళి మెయిన్ టప్పున కిందికి దింపారు. వంటింట్లో ఫ్రిజ్ గుర్రుమని ఒకసారి ఒళ్ళు విరుచుకుని ఆగిపోయింది.

"విన్నావా? ఫ్రిజ్ ఆగింది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?"

నాకు వినిపించింది ఫ్రిజ్ ఒక్కటే కాదు. మెట్ల కింద ఇన్వర్టర్ టిక్కుమని సన్నగా మూలగడం మొదలుపెట్టింది. మెయిన్ పోగానే లేచి ఫ్యాన్లకీ లైట్లకీ కరెంటివ్వడమే దాని ఉద్యోగం. పాపం, అది తన డ్యూటీ తను చేస్తోంది. ఫ్యాన్లూ లైట్లూ కట్టేసి ఉంటే అది పని చేస్తున్నట్టు ఎవరికి తెలుస్తుంది? హాలు ఫ్యాను స్విచ్చు మాత్రం వేసే ఉంది. ఫ్యానే లేని స్విచ్చు కిందికుందో పైకుందో ఎవరు చూస్తారు?

కామేశ్వరరావుగారు వంటింటి సొరుగులోంచి నన్ను తీశారు. గోధుమపిండి అంటుకుని ఉంటే లుంగీకి తుడిచారు. లుంగీ మీద ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు, నుదుటిన బొట్టు పెట్టుకున్నారు, తల దువ్వుకున్నారు. నిచ్చెన ఎక్కి, తల పైకప్పు దాకా వచ్చాక, పైన ఫ్యాను తగిలించే ఇనుప కొక్కేన్ని ఎడంచేత్తో పట్టుకుని నిలదొక్కుకున్నారు. ఆ కొక్కెం స్లాబులో పాతి ఉంటుంది. స్లాబు అంటే భూమితో చుట్టరికం ఉన్న మనిషి. ఈ ముక్క ఆయనకి తెలియదు. నాకు తెలుసు.

కింద వకుళమ్మ ఒక చేత్తో నిచ్చెన, ఒక చేత్తో ఫోను పట్టుకుంది.

"నేను మాట్లాడుతున్నప్పుడు నువ్వు నోరెత్తకు. నీ గొంతు పడుద్ది అందులో. నా మొహం దగ్గరగా రావాలి, పెద్దది చేసి తియ్యి."

ఆవిడ తలూపింది.

"నమస్కారం మిత్రులారా" అని మొదలుపెట్టారు. ఆ గొంతు నేను ఎప్పుడూ విననిది; మిల్లులో మాట్లాడే గొంతూ కాదు, ఇంట్లో మాట్లాడే గొంతూ కాదు. "ఫ్యాను బిగించడానికి ఎలక్ట్రీషియన్ కోసం ఎదురుచూస్తూ చెమటలు కక్కుతున్నారా? ఇక ఆ అవసరం లేదు. ముందుగా మెయిన్ ఆపండి. మేము ఆపేశాం. ఇప్పుడు ఈ తీగల్లో చుక్క కరెంటు లేదు. నమ్మకపోతే ఇదిగో, దీన్ని టెస్టర్ అంటారు."

నన్ను ఎత్తి చూపించారు. నా బతుకులో అంత గౌరవం ఎప్పుడూ జరగలేదు. రెండు తీగల టేపులూ విప్పారు. నన్ను ఒక తీగ కొసకి ఆనించి, టోపీ మీద బొటనవేలు పెట్టారు. పద్ధతిగానే పెట్టారు. నేను వెలగలేదు. ఎందుకంటే అది నిజంగానే కరెంటు లేని తీగ. రెండిట్లో ఒకదాంట్లోనే కరెంటు వస్తుంది. రెండోది పక్కనే, బెత్తెడు దూరంలో, ఏమీ ఎరగనట్టు వేలాడుతోంది.

"చూశారుగా, వెలగలేదు" అన్నారు. ఇంకో తీగ చూడండి సార్ అని నేను ఎలా చెప్పను?

చెప్పడానికి ఒక్క క్షణం దొరికింది. ఆయన కెమెరా వైపు తిరిగి, "భయం అన్నది మనసులో ఉంటుంది మిత్రులారా, తీగలో కాదు" అని ఏదో ఉపన్యాసం అందుకున్నారు. మాటతో పాటు చెయ్యి ఊగింది. ఊగుతూ ఊగుతూ నా మూతి వెళ్ళి రెండో తీగ కొసకి ఆనింది. బొటనవేలు ఇంకా నా టోపీ మీదే ఉంది. ఎడంచెయ్యి కొక్కెం మీద ఉంది.

వెలిగాను. ఒళ్ళంతా వెలిగాను. షెడ్డులో ఆ అమ్మాయి చేతిలో కూడా అంత గట్టిగా వెలగలేదు. ఆయన చెంపకి జానెడు దూరంలో, ఎర్రగా, అరిచినట్టు. ఆయన కెమెరాలోకి చూసి నవ్వుతున్నారు.

మాట అయిపోయింది. నన్ను చొక్కా జేబులో వేసుకున్నారు. దీపం ఆరిపోయింది.

"ఇప్పుడు తీగ కొసన తొక్క కొంచెం తియ్యాలి. దీనికి మిషన్లేమీ అక్కర్లేదు. మన పూర్వీకులు మనకి పళ్ళిచ్చారు."

ఇది అబ్బులు దగ్గర చూసిందే. తీగని పళ్ళ మధ్య పెట్టి కొరికి, చెయ్యి లాగితే తొక్క ఊడి వస్తుంది. మన దేశమంతా అదే పద్ధతి. కరెంటు లేనప్పుడు మంచి పద్ధతే. ఆయన చెయ్యి చాచారు. ఏ తీగ పట్టుకుంటారు? దగ్గర్లో ఉన్నదే పట్టుకున్నారు. రెండోదే. వేళ్ళు తొక్క మీదే ఉన్నాయి కాబట్టి ఇంకా ఏమీ కాలేదు. కొస దగ్గర రాగి మెరుస్తోంది. దాన్ని పెదాల దగ్గరికి తెచ్చుకుంటున్నారు. ఎడంచెయ్యి కొక్కేన్ని వదల్లేదు. కరెంటు నోట్లోంచి లోపలికొచ్చి చేతిలోంచి బయటికి పోవడానికి దారి సిద్ధంగా ఉంది, మధ్యలో గుండె. ఆ గుండె చొక్కా వెనక నా వీపుకి తగులుతూనే ఉంది. నిదానంగా, హాయిగా కొట్టుకుంటోంది. ఆ హాయి చూస్తే నాకు భయం వేసింది.

కింద వకుళమ్మ ముఖం జేబు అంచులోంచి కనబడుతోంది. ఆవిడ ఫోను తెరలోకే చూస్తోంది. దగ్గరగా, పెద్దది చేసి తీయమన్నారు కదా, ఇందాక ఆవిడ తెర నిండా ఆయన చెంప, దాని పక్కన నేను. కర్టెన్లు మూసిన మసక వెలుతురు. నా ఎర్ర దీపం ఆయన చూడలేదు. ఆవిడ చూసింది.

ఆవిడ రంగు మారడం చూశాను. కళ్ళు మెయిన్ ఉన్న వసారా వైపు వెళ్ళాయి, తిరిగి పైకి వచ్చాయి. పెదాలు కదిలాయి. పూర్తిగా విన్న వీడియోలో ఏ ముక్క ఆ క్షణంలో తట్టిందో నాకు తెలియదు గానీ, కళ్ళు ఈసారి మెట్ల వైపు తిరిగాయి. ఇన్వర్టర్.

ఆగండి అని అరవచ్చు. అరిస్తే ఆయన ఉలిక్కిపడతారు, తీగ మొహానికి తగులుతుంది. నిచ్చెన వదిలి మెట్ల దగ్గరికి పరిగెత్తవచ్చు. ఆవిడ అక్కడికి చేరేలోపు తీగ మీద పళ్ళు పడతాయి. కరెంటుందండీ అని నెమ్మదిగా చెప్పవచ్చు. చెబితే ఆయన ఏం చేస్తారో ఆవిడకి ఇన్నేళ్ళ కాపురంలో తెలుసు: లేదే అంటారు. లేదని రుజువు చెయ్యడానికి వేలు పెట్టి చూపిస్తారు.

"ఏవండీ" అంది వకుళమ్మ. గొంతు ఎంత మామూలుగా ఉందంటే, కాఫీ పెట్టనా అని అడుగుతోందేమో అనుకున్నాను.

ఆయన పెదాల దగ్గర తీగ ఆపి, కోపంగా, పళ్ళ మధ్య నుంచే, "మాట్లాడొద్దన్నానా?" అన్నారు.

"రికార్డ్ అవలేదండీ."

తీగ కిందికి దిగింది.

"ఏంటీ?"

"ఎర్ర చుక్క నొక్కాననుకున్నాను. నొక్కుకోలేదు. మొదట్నుంచీ చెప్పాలి."

"అంటే... భయం మనసులో ఉంటుందన్న ముక్క?"

"అదీ రాలేదు."

ఆయన కళ్ళు మూసుకున్నారు. భూమి మీద అంతకంటే పెద్ద నష్టం ఏదీ లేదన్నట్టుంది ఆయన వాలకం. "ఒక్క బటన్ నొక్కడం కూడా రాదుటే నీకు! అంత బాగా వచ్చింది. మళ్ళీ అంత బాగా రాదు."

"వస్తుందండీ. ముందు దిగి రండి. చెమటకి బొట్టు ముక్కు మీదకి జారింది. జుట్టు కూడా చెదిరింది. జోగారావు చూసే వీడియోలో అలా ఉంటే..."

ఆ మాట పనిచేసింది. తీగ వదిలేశారు. కొక్కెం వదిలేశారు. ఒక్కో మెట్టూ దిగుతుంటే నేను జేబులో ఊగుతున్నాను. ఆయన కాళ్ళు నేలకి తగిలేదాకా వకుళమ్మ నిచ్చెనని రెండు చేతులతో, గోళ్ళు తెల్లబడేలా పట్టుకుని ఉంది.

"అది ఇలా ఇవ్వండి, జేబు ఎత్తుగా కనబడుతోంది" అని నన్ను తీసుకుంది. ఆయన అద్దం దగ్గరికి వెళ్ళారు.

ఆవిడ చీర కుచ్చెళ్ళు దోపుకుని నిచ్చెన ఎక్కింది. ఎడంచెయ్యి ఎక్కడా ఆనించలేదు. రెండో తీగకి నన్ను తాకించి, టోపీ మీద వేలు పెట్టింది. వెలిగాను, ఇందాకటికంటే మందంగా. మందంగానైనా నిజమే చెప్పాను. దిగింది. పరుగెత్తలేదు, పరుగెడితే ఆయన ఏంటని అడుగుతారు. మెట్ల కిందకి వెళ్ళి ఇన్వర్టర్ వెనక స్విచ్చు కట్టేసింది. మూలుగు ఆగిపోయింది. గోడ దగ్గర ఫ్యాను స్విచ్చు కూడా కట్టేసింది. మళ్ళీ ఎక్కి ఈ తీగకీ ఆ తీగకీ, ఆ తీగకీ ఈ తీగకీ నన్ను ఆనించి చూసింది. నేను వెలగలేదు. ఆవిడ నా వంక చాలాసేపు చూసింది, నిజం చెబుతున్నానా అన్నట్టు. పరీక్షించేదాన్నే పరీక్షిస్తోంది. నాకేం కోపం రాలేదు.

ఆయన పౌడరు రాసుకుని వచ్చారు.

రెండోసారి మొత్తం మళ్ళీ జరిగింది. నమస్కారం మిత్రులారా, చెమటలు కక్కడం, టెస్టర్ అంటారు, ఒక తీగే చూసి వెలగలేదనడం, భయం మనసులో ఉంటుందనడం. తర్వాత ఆ రెండో తీగనే పళ్ళ మధ్య పెట్టి చటుక్కున తొక్క లాగారు. కింద వకుళమ్మ కళ్ళు మూసుకోవడం నేను చూశాను. ఫోను మాత్రం కదల్లేదు.

ఫ్యాను పైకెక్కింది. రెక్కలు బిగించారు. ఇన్వర్టర్, మెయిన్, స్విచ్చు, అన్నీ ఆవిడే వేసి వచ్చింది. ఫ్యాను తిరిగింది. కామేశ్వరరావుగారు చేతులు నడుముకి పెట్టుకుని పైకి చూస్తూ నిలబడ్డారు, చంద్రుడి మీద జెండా పాతినట్టు.

"ఏదీ, చూపించు" అని ఫోను కోసం చెయ్యి చాచారు.

వకుళమ్మ ఇచ్చింది. "రెండున్నాయి. మొదటిది ముందు చూడండి."

"అది రికార్డ్ అవలేదన్నావుగా?"

"చూడండి."

ఆయన కుర్చీలో కూర్చుని మొదలుపెట్టారు. అలవాటుగా వేలు ముందుకు జరపబోయింది. వకుళమ్మ ఆ వేలు పట్టుకుంది. ఆయన తన మొహం చూసుకుని నవ్వుకున్నారు. "చూశావా, ఎంత బాగా వచ్చిందో! అవలేదంటావేంటే?" అని అంటూ అంటూ ఆగిపోయారు. తెర మీద భయం మనసులో ఉంటుందని ఒకాయన నవ్వుతూ చెబుతున్నాడు. ఆయన చెంప పక్కన ఎర్రగా వెలుగుతోంది. తర్వాత తీగ పెదాల దగ్గరికి వెళ్తోంది. తర్వాత, 'ఏవండీ' అన్న గొంతు.

వెనక్కి జరిపారు. మళ్ళీ చూశారు. వెనక్కి జరపడం ఆయనకి ఆ రోజే మొదటిసారి అనుకుంటాను.

"ఎలా?" అన్నారు.

"ఇన్వర్టర్."

"ఇన్వర్టర్..." అని ఆయనా అన్నారు. నాలిక బయటికి తీసి పెదాలు తడుపుకున్నారు. "మరి అప్పుడే చెప్పొచ్చుగా!"

"చెబితే?"

ఆయన ఆలోచించారు. జవాబు తెలిసినట్టుంది. మంచినీళ్ళు అడిగారు. గ్లాసు అందుకుంటే నీళ్ళు సగం చొక్కా మీద పడ్డాయి. వకుళమ్మ ఆ గ్లాసు తీసుకుని తనే పట్టుకుని తాగించింది.

బయట కారు హారను మోగింది. ఉష నవ్వు, వెనక జోగారావు గొంతు. లోపలికి అడుగు పెడుతూనే తల పైకెత్తాడు. "అబ్బో! కొత్త ఫ్యానండోయ్! అబ్బులొచ్చాడన్నమాట, మొత్తానికి. మనిషిని పెట్టి తిప్పిస్తున్నారా, కరెంటుతోనే తిరుగుతోందా అన్నయ్యగారూ?"

కామేశ్వరరావుగారు ఆ ప్రశ్న కోసం ఎన్నాళ్ళు ఎదురుచూశారో నాకు తెలుసు. నేనే బిగించాను అనే మాట ఆయన నోటి దాకా వచ్చి ఉంటుంది. అది అబద్ధం కూడా కాదు.

"నేనే బిగించాను జోగారావూ. మీ వదిన లేకపోతే ఇవాళ నువ్వు వేరే భోజనానికి వచ్చి ఉండేవాడివి."

జోగారావు నవ్వబోయి వదిన మొహం చూసి ఆగాడు. కామేశ్వరరావుగారు ఫోను అతని చేతిలో పెట్టారు. మొదటి వీడియో. జోగారావు నిలబడే చూశాడు. చివర్లో, తీగ పెదాల దగ్గరికి వచ్చేసరికి, తనకే తగులుతున్నట్టు తల వెనక్కి తీసుకున్నాడు. ఇళ్ళు కట్టించే మనిషి, ఏదో ఒకటి అంటాడనుకున్నాను. "మా సైట్లో కుర్రాళ్ళూ ఇలాగే పళ్ళతోనే పీకుతారు వదినా" అన్నాడు, గొంతు తగ్గించి. ఆ పూట పప్పు మారు వడ్డించమని కూడా అడగలేదు.

భోజనాలయ్యి వాళ్ళు వెళ్ళిపోయాక కామేశ్వరరావుగారు వీడియో పెట్టారు. పౌడరు రాసుకున్నది కాదు, మొదటిది. ఒక్క ముక్క కూడా కత్తిరించలేదు. కింద తనే రాశారు: "మేము మెయిన్ ఆపేశాం. ఇన్వర్టర్ ఆపలేదు. టెస్టర్ వైపు చూడండి, నా వైపు కాదు." వకుళమ్మ చదివి, "బాగుంది" అంది. ఆ ఇంట్లో ఆ మాట అరుదు.

ఆ సాయంత్రం వకుళమ్మ నన్ను సొరుగులో వెయ్యడం మర్చిపోయి బల్ల మీదే వదిలేసింది. ఆయన చూస్తున్న ఫోను నాకు కనబడుతూనే ఉంది. చాలాసేపు ఎవరూ చూడలేదు. తర్వాత ఎవరో చూశారు. వీడియో కింద ఒక మాట వచ్చింది. పేరున్న చోట ఏవో అంకెలు, ఫొటో ఉన్న చోట చామంతి పువ్వు.

"అన్నా నేను స్టూలు మీద నిలబడే చూస్తున్నా. మెయిన్ ఆపినా. మాకూ ఇన్వర్టర్ ఉంది."

కామేశ్వరరావుగారు గబుక్కున వంగి, వేళ్ళు తడబడుతూ రాశారు: "దిగిపో తమ్ముడూ. ముందు దిగు."

జవాబు లేదు.

"దిగావా?" అని రాశారు.

జవాబు లేదు. వకుళమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆయన వెనక నిలబడింది. ఏ ఊరో తెలియదు, ఏ ఇల్లో తెలియదు, ఆ మనిషి ముందు కూడా రెండు తీగలు వేలాడుతున్నాయన్నదొక్కటే తెలుసు. పైన ఫ్యాను తిరుగుతోంది. ఆయన మెడ వెనక చెమట కారుతోంది. వకుళమ్మ తుడవలేదు. ఇద్దరూ తెర వైపే చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను, కావాలంటే వెలిగి చూపించేదాన్ని, కానీ అక్కడ నేను లేను కదా.

తెర మీద ఒక చిన్న వరుస మెరిసింది.

"దిగినా అన్నా. కూర్చున్నా."

కామేశ్వరరావుగారు దాన్ని పైకి చదివారు, వకుళమ్మ భుజం మీదుగా చదువుతూనే ఉన్నా. హాల్లో ముగ్గురం ఒక్కసారి ఊపిరి వదిలాం. టెస్టర్‌కి ఊపిరేమిటంటారా, సరే, ఇద్దరు.